మెల్విన్స్ ‘హౌడీని’ సీడీ: మూడు నెలలు విన్న తరువాత

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేసిన వారంలో నాకు కొరియరులో ఒక పాత సీడీ వచ్చింది. అమెరికాకు చెందిన మెల్విన్స్ అనే రాక్ బ్యాండు 1993 సెప్టెంబరులో అట్లాంటిక్ రికార్డ్స్ ద్వారా విడుదల చేసిన ‘హౌడీని’ అది. సెకండ్‌హ్యాండు సరుకు, కొరియరు ఖర్చుతో కలిపి 1,150 రూపాయలు పడింది. ఇదే సంగీతం ఫోనులో నెలచందాకు దొరుకుతుండగా ఇంత డబ్బు పోసి ప్లాస్టిక్ పళ్ళెం కొనుక్కోవడమెందుకని మా ఆవిడ అడిగితే అప్పట్లో నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. మూడు నెలలు విన్న తరువాత కొంత దొరికింది.

ముందు సరుకు సంగతి చెప్పాలి. అమ్మిన వ్యక్తి ప్రకటనలో ‘కొత్తదానిలా ఉంది’ అని రాశాడు. పొట్లం విప్పేసరికి డబ్బా మూత ఊడి వచ్చింది, మధ్యలో సీడీని పట్టి ఉంచే పళ్ళలో సగం విరిగిపోయి ఉన్నాయి, ఆ ముక్కలు దారి పొడవునా లోపల దొర్లి సీడీ అడుగుభాగం మీద గీతలు పెట్టాయి. ఫలితంగా ఎనిమిదో పాట ‘స్కై పప్’ రెండు చోట్ల ఎగురుతోంది. తప్పు నా ప్లేయరుదేమోనని గాంధీ రోడ్డు పక్క సందులో రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన లెన్సు తుడిచి, మరో సీడీ వేసి చూపించి, ‘మిషన్ బాగానే ఉండాది సార్, మీ బిళ్ళే గీసుకొని ఉండాది’ అని తేల్చేశాడు. లోపలి చిన్న పుస్తకం మాత్రం చెక్కు చెదరలేదు. పోస్టర్ల చిత్రకారుడు ఫ్రాంక్ కోజిక్ గీసిన ముఖచిత్రంలో పాతకాలపు పాఠ్యపుస్తకం బొమ్మల్లోని పిల్లల్లాంటి ఇద్దరు ముద్దుగా ఉంటారు, వాళ్ళతో ఉన్న కుక్కపిల్లకు రెండు తలలుంటాయి. ఆ బొమ్మ చూసి నవ్వాలో జడుసుకోవాలో తేల్చుకోలేనివారికి లోపలి పాటలు కూడా అలాగే అనిపిస్తాయి.

ఈ బ్యాండు పేరు వినని పాఠకులే ఎక్కువమంది ఉంటారు కనుక వారి పుట్టుక గురించి కొంత చెప్పాలి. తిరుపతికి చెన్నై ఎంత దూరమో, వాషింగ్టన్ రాష్ట్రంలోని మాంటెసానో అనే చిన్న ఊరికి సియాటెల్ నగరం ఇంచుమించు అంతే దూరం. కలప మీద బతికే ఆ ప్రాంతంలో 1983లో బజ్ ఆస్బోర్న్, మ్యాట్ లూకిన్, మైక్ డిల్లార్డ్ అనే ముగ్గురు కుర్రవాళ్ళు బ్యాండు కట్టారు. గిటారు వాయిస్తూ పాడే ఆస్బోర్న్ అప్పుడు థ్రిఫ్ట్‌వే అనే కిరాణా సూపర్‌మార్కెట్‌లో పనిచేసేవాడు; అక్కడ మెల్విన్ అనే పేరుగల ఒక పై ఉద్యోగి అంటే పనివాళ్ళెవరికీ గిట్టేది కాదు, ఆ పేరునే బ్యాండుకు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది డిల్లార్డ్ స్థానంలో డ్రమ్ముల మీదికి డేల్ క్రోవర్ వచ్చాడు, సాధన పక్కనున్న అబర్డీన్‌లో క్రోవర్ తల్లిదండ్రుల ఇంటికి మారింది. ఆ సాధనలు చూడటానికి వచ్చి కూర్చునే కుర్రవాళ్ళలో, తరువాత నిర్వానా బ్యాండు పెట్టి పాడిన కర్ట్ కోబేన్ ఒకడు. ఆస్బోర్న్, క్రోవర్‌ల జంట ఈనాటికీ విడిపోలేదు. బాస్ గిటారు వాయించేవాళ్ళు మాత్రం మారుతూనే ఉన్నారు. ఆ జాబితా మా వీధిలో అద్దెకు దిగి పోయిన కుటుంబాల జాబితా కంటే పొడుగు.

మొదట్లో వీరు అందరిలాగే వేగంగా వాయించేవారు. ఆ రోజుల్లో హార్డ్‌కోర్ పంక్ అనే కరుకు రాక్ సంగీతం అంటేనే వేగం. నిమిషన్నరలో పాట ముగియాలి. 1984లో బ్లాక్ ఫ్లాగ్ బ్యాండు ‘మై వార్’ అనే రికార్డు రెండో వైపు మొత్తాన్ని నత్తనడక పాటలతో నింపి తన అభిమానులకే కోపం తెప్పించింది. మెల్విన్స్ ఆ వైపును పట్టుకొని ఇంకా కిందికి దిగారు. గిటారులో అన్నిటికంటే లావుపాటి ఆరో తీగను ఒక మెట్టు వదులు చేసి ‘డి’ స్వరానికి దించే పద్ధతి ఒకటుంది. దాన్ని డ్రాప్ డి అంటారు. బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బత్ ప్రస్తావన వచ్చినప్పుడు ఆస్బోర్న్ చెప్పగా ఆ పద్ధతి తనకు తెలిసిందని సియాటెల్ బ్యాండు సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ థాయిల్ చెప్పాడు. అక్కడి నుంచి సియాటెల్ మొత్తానికి పాకింది. తీగ వదులైతే స్వరం బరువెక్కుతుంది, నడక నెమ్మదిస్తే ఆ బరువు చెవికి పూర్తిగా అందుతుంది. ఈ రెండూ కలిసిన శైలికే తరువాత స్లడ్జ్ మెటల్ అనే పేరు వచ్చింది. స్లడ్జ్ అంటే నూనె డబ్బా అడుగున మిగిలే మడ్డి. ఆ మాటకు ఇంతకు మించిన వ్యాఖ్యానం అవసరం లేదు.

1986లో సీ జడ్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ నుంచి ఆరు పాటల రికార్డు, 1987లో ఆల్కెమీ రికార్డ్స్ నుంచి ‘గ్లూయీ పోర్చ్ ట్రీట్‌మెంట్స్’ వచ్చాయి. ఆ తరువాత ఆస్బోర్న్, క్రోవర్ శాన్ ఫ్రాన్సిస్కోకు మారిపోయారు. లూకిన్ వెనకే ఉండిపోయి మడ్‌హనీ అనే బ్యాండులో చేరాడు. అతని చోట బాస్ పట్టుకున్న లోరీ బ్లాక్ హాలీవుడ్ బాలతార షర్లీ టెంపుల్ కూతురు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఎవరో కల్పించి రాశారనుకున్నాను. బోనర్ రికార్డ్స్ నుంచి 1989లో ‘ఓజ్మా’, 1991లో ‘బుల్‌హెడ్’ వచ్చాయి. ‘బుల్‌హెడ్’ మొదటి పాట ‘బోరిస్’ ఎనిమిది నిమిషాలు దాటుతుంది, దాని పేరునే జపానులో ఒక బ్యాండు తన పేరుగా పెట్టుకుంది. 1992లో ‘లైసాల్’ పేరుతో అరగంట పొడవున ఒకే ట్రాకుగా సాగే రికార్డు చేస్తే, అదే పేరున్న ఇల్లు కడిగే ద్రావకం కంపెనీ పేరు హక్కుల వల్ల అట్ట మీద పేరును కప్పేయవలసి వచ్చింది. చిన్న సంస్థలు, చిన్న సొమ్ము, కొద్దిమంది శ్రోతలు: పదేళ్ళు ఇలాగే గడిచాయి.

‘హౌడీని’ పుట్టింది ఈ పదేళ్ళ చివర. 1991 సెప్టెంబరులో నిర్వానా ‘నెవర్‌మైండ్’ అనుకోని విధంగా అమ్ముడుపోయేసరికి పెద్ద కంపెనీలన్నీ వాషింగ్టన్ రాష్ట్రపు బ్యాండ్ల కోసం వల వేశాయి. కోబేన్‌కు మెల్విన్స్ గురువులవంటివారు. 1988 జనవరిలో నిర్వానా తొలి డెమో (నమూనా పాటలు) రికార్డు చేసినప్పుడు డ్రమ్ములు వాయించింది క్రోవరే, తరువాత నిర్వానా డ్రమ్మరైన డేవ్ గ్రోల్‌ను వారికి పరిచయం చేసింది ఆస్బోర్నే. అట్లాంటిక్ కంపెనీకి ఈ బంధుత్వమే కనిపించి ఉంటుందని నా అనుమానం, పాటలు కనిపించి ఉండవు. సీడీలోని పుస్తకంలో కొన్ని పాటలకు సహనిర్మాతగా కోబేన్ పేరుంది. వాస్తవానికి అతని పరిస్థితి బాగాలేక మధ్యలోనే తప్పించామని ఆస్బోర్న్ తరువాత చెప్పాడు. అదే పుస్తకంలో బాస్ గిటారుకు లోరీ బ్లాక్ పేరు ఉన్నా, ఎక్కువ భాగం తానూ క్రోవరే వాయించుకున్నామని కూడా అతడే చెప్పాడు. పెళ్ళిపత్రికలో మర్యాద కోసం వేసే పేర్ల వంటివి ఇవి అనుకోవాలి.

ఇక వినికిడి. నా దగ్గరున్నవి పాత సీడీ ప్లేయరు, పాతికేళ్ళ కిందట తిరుపతిలోనే ఒక మెకానిక్ విడిభాగాలతో కట్టిచ్చిన యాంప్లిఫయరు, 12 అంగుళాల ఊఫర్లున్న రెండు చెక్క పెట్టెలు. మొదటి పాట ‘హూచ్’ మొదలుకాగానే నాకు తట్టిన సంగతి, ఈ సీడీ ధ్వనిస్థాయి తక్కువగా ఉందని. ఇప్పటి రికార్డులకు అలవాటుపడినవారు వాల్యూం గుండీని మామూలు కంటే పావు వంతు ఎక్కువ తిప్పవలసి ఉంటుంది. ఇది లోపం కాదు. 1990ల తొలినాళ్ళ సీడీలలో ప్రతి శబ్దాన్నీ పైకప్పుకు అంటేటట్టు నెట్టే అలవాటు ఇంకా ముదరలేదు కనుక, డ్రమ్ము దెబ్బ మిగతా శబ్దంలోనుంచి విడిగా పైకి లేస్తుంది. ఫోనులో చిన్న ఇయర్‌ఫోన్లతో విన్నప్పుడు గిటారు, బాస్, డ్రమ్ము కలిసి ఒకే ముద్దగా వినబడేవి. ఇక్కడ క్రోవర్ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బకూ, దాని వెంట తోలు వదులయ్యే శబ్దానికీ తేడా తెలుస్తోంది. మా ఆవిడ ప్రశ్నకు సగం సమాధానం ఇదే.

‘హూచ్’లోని మాటలు ఇంగ్లీషులా ధ్వనిస్తాయి కానీ అర్థం వెతకబోతే ఏమీ దొరకదు. ఇది నాకు కొత్తగా అనిపించలేదు. మన చెక్కభజనలో గుంపు అందుకునే ఊతపదాలకు అర్థం ఎవరు అడుగుతారు? నోరు తెరుచుకోవడానికి, తాళం నిలబడటానికి అవి ఉంటాయి. ఆస్బోర్న్ గొంతు కూడా అలాంటి వాయిద్యమే.

రెండో పాట ‘నైట్ గోట్’ బాస్ గిటారుతో మొదలవుతుంది. ఈ పాట తొలిరూపం 1992లోనే యాంఫెటమిన్ రెప్టైల్ అనే మినియాపొలిస్ సంస్థ నుంచి చిన్న రికార్డుగా వచ్చింది. రొదనే సంగీతంగా వాడుకునే నాయిస్ రాక్ అనే మాట పలికితే ముందుగా గుర్తుకు వచ్చే సంస్థ అదే. దించిన ఆరో తీగ గిటారులో సుమారు 73 హెర్ట్జ్ (సెకనుకు 73 కంపనాలు) దగ్గర మోగితే, అదే స్వరం బాస్ గిటారులో అందులో సగం, అంటే 37 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నా గదిలో ఉత్తరం వైపు కిటికీకి ఒక వదులు గొళ్ళెం ఉంది. ఇంతకాలం అది గాలికి తప్ప కదలలేదు. ‘నైట్ గోట్’లో బాస్ ఆ అట్టడుగు స్వరానికి దిగిన ప్రతిసారీ, సరిగ్గా ఆ స్వరానికే, గొళ్ళెం టకటకమని కొట్టుకుంటుంది, పై స్వరాలకు కదలదు. మొదటి రెండు రోజులు రికార్డులోనే ఏదో కంచు శబ్దం కలిపారని భ్రమపడ్డాను. చివరికి ఆర్టీసీ బస్సు టిక్కెట్టు నాలుగు మడతలు పెట్టి గొళ్ళెం సందులో దోపిన తరువాతనే పాట అసలు రూపంలో వినబడింది.

‘లిజ్జీ’ నెమ్మదిగా గొణిగి ఒక్కసారిగా మీద పడుతుంది. ‘గోయింగ్ బ్లైండ్’ కిస్ బ్యాండు 1974లో చేసిన పాట. వీరికి కిస్ అంటే ఎంత ఇష్టమంటే, 1992లో ముగ్గురు సభ్యులూ విడివిడిగా రికార్డులు చేసి, వాటి అట్టలను 1978 నాటి కిస్ సోలో రికార్డుల నమూనాలోనే వేయించుకున్నారు. ‘హనీ బకెట్’ ఈ రికార్డులో అందరికీ తెలిసిన పాట, వేగమైనది, కొత్తవారికి వినిపించడానికి ఇదే మంచిది. అయినా నేను దాన్ని చాలాసార్లు దాటేస్తున్నాను, ఎందుకంటే దాని వెంటనే ‘హ్యాగ్ మీ’ ఉంది.

‘హ్యాగ్ మీ’ ఏడు నిమిషాల పాట. ఇందులో జరిగేది చాలా తక్కువ. ఒక దెబ్బ పడుతుంది. గిటారు ఆ దెబ్బతో పాటు పడి, అక్కడే కూలబడి, మోగుతూ ఉంటుంది. తరువాతి దెబ్బ ఇప్పుడు పడుతుందనుకున్నచోట పడదు, మనం దాన్ని మరిచిపోయే లోపు పడుతుంది. వాయించేవాడికి వేగంగా కొట్టడం కంటే ఇలా ఆగడం కష్టం. కళాశాల రోజుల్లో నేను ఒక బ్యాండులో బాస్ వాయించాను కనుక ఈ మాట అనుభవంతోనే అంటున్నాను: నడక నెమ్మదించినకొద్దీ ఇద్దరు మనుషుల చేతులు ఒకే క్షణంలో పడటం అసాధ్యమవుతూ వస్తుంది, ఎవరో ఒకరు తొందరపడతారు. ఆస్బోర్న్, క్రోవర్ పడరు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఒకే గదిలో సాధన చేసిన జంటకు తప్ప ఆ ఓపిక రాదు. ఈ పాట విన్న మొదటి రాత్రి కింది అంతస్తులో ఉండే ఇంటి యజమాని మెట్లెక్కి వచ్చి, ‘ఏమప్పా, పైన మోటరేమన్నా కాలిపోతా ఉండాదా?’ అని అడిగాడు. పాట అని చెప్పాను. ఆయన గుమ్మంలోనే నిలబడి ఒక నిమిషం విని, ‘ఇంకా మొదలు కాలేదా?’ అన్నాడు. నేను చదివిన విమర్శలలో ఈ పాటకు ఇంత దగ్గరగా వచ్చినది మరొకటి లేదు.

ఆ వారంలోనే జాతర. పంబ వాయించేవాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు ఒక సంగతి గమనించాను. ఊరేగింపు నడుస్తున్నంతసేపూ వాద్యం ఒక ఎత్తు, ఒక ఇంటి ముందు ఆగి వేషం వేసిన మనిషి నిలబడిపోయినప్పుడు వాద్యం మరో ఎత్తు. ఆగినప్పుడు దెబ్బలు ఎడమవుతాయి, ఒక్కొక్కటి బరువవుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడటం మానేస్తారు. మెల్విన్స్‌కూ గంగమ్మకూ చుట్టరికం కలిపే ఉద్దేశం నాకు లేదు, కలిపితే ఇంట్లో అన్నం పెట్టరు. కానీ ‘హ్యాగ్ మీ’ని ఎలా వినాలో నా చెవికి తెలిసింది మాత్రం ఆ వీధిలోనే.

మిగిలిన పాటలను త్వరగా చెప్పేస్తాను. ‘సెట్ మీ స్ట్రెయిట్’ హాయిగా ఉంటుంది. ‘స్కై పప్’ గురించి నా సీడీని బట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ‘జోన్ ఆఫ్ ఆర్క్’ మళ్ళీ బురదలోకి దిగి బాగా మునుగుతుంది. ‘టీట్’, ‘కొపాషే’, ‘పర్ల్ బాంబ్’ మూడూ చిన్నవి, మూడూ సగంలో వదిలేసిన ఆలోచనల్లా ఉన్నాయి. చివరిది ‘స్ప్రెడ్ ఈగిల్ బీగిల్’: పది నిమిషాల పాటు డ్రమ్ములూ ఖాళీలూ తప్ప మరేమీ లేదు. పెద్ద కంపెనీ ఇచ్చిన మొదటి అవకాశంలోనే ఇలాంటిది చివర పెట్టిన మొండితనం నాకు నచ్చింది, వినడం మాత్రం నచ్చలేదు. మూడు నెలల్లో పూర్తిగా రెండేసార్లు విన్నాను, రెండోసారి ఈ సమీక్ష కోసం.

పెద్ద కంపెనీకి పోయి స్వతంత్రతను అమ్ముకున్నారని అప్పట్లో కొందరు అభిమానులు నొచ్చుకున్నారు. ఈ సీడీ విన్న తరువాత ఆ ఫిర్యాదు నిలబడుతుందని నేననుకోను. ఆ కంపెనీ సొమ్ముతో డ్రమ్ములకు మంచి గది, మంచి మైకులు దొరికాయి, పాటల నడక ఒక్క అంగుళం కూడా తొందరపడలేదు. 1994లో అట్లాంటిక్ ఒప్పందంలో ఉండగానే ‘ప్రిక్’ అనే అల్లరి రికార్డును యాంఫెటమిన్ రెప్టైల్ నుంచి విడుదల చేశారు. చిక్కు రాకుండా అట్ట మీద బ్యాండు పేరును అద్దంలో కనిపించినట్టు తిప్పి రాశారు. అట్లాంటిక్ నుంచి 1994లో ‘స్టోనర్ విచ్’, 1996లో ‘స్టాగ్’ వచ్చాయి. ఆ తరువాత కంపెనీ వీరిని వదిలించుకుంది. ఇలా వదిలించుకోబడిన బ్యాండ్లు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. వీరు 1997లో ‘హాంకీ’తో మళ్ళీ చిన్న సంస్థ గడప తొక్కి, 1999 నుంచి గాయకుడు మైక్ ప్యాటన్, గ్రెగ్ వెర్క్‌మన్ స్థాపించిన ఇపికాక్ రికార్డ్స్‌లో కుదురుకున్నారు. ఇపికాక్ అంటే వాంతి తెప్పించే మందు. ఆ పేరు పెట్టుకున్న సంస్థతో వీరి బంధం పాతికేళ్ళు దాటింది.

ఆ కాలంలో చేసినవన్నీ చెప్పాలంటే ఈ సమీక్ష చాలదు. 2006లో బిగ్ బిజినెస్ అనే ఇద్దరు మనుషుల బ్యాండును మొత్తంగా తమలో కలుపుకొని, ఇద్దరు డ్రమ్మర్లతో వాయించారు. ఆ బ్యాండు డ్రమ్మరు కోడీ విల్లిస్ ఎడమచేతివాటం మనిషి కావడంతో రెండు డ్రమ్ము సెట్లనూ అద్దంలో బింబంలా కలిపి అమర్చారు. 2012లో అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ 51 రోజుల్లో 51 కచేరీలు చేశారు. మొదటి డ్రమ్మరు డిల్లార్డ్ తిరిగి వచ్చినప్పుడు క్రోవర్ డ్రమ్ములు అతనికి వదిలి బాస్ పట్టుకుంటాడు, అలా వచ్చిన రికార్డులలో 2013 నాటి ‘త్రెస్ కబ్రోనెస్’ ఒకటి. 2023లో క్రోవర్‌కు అత్యవసరంగా వెన్నెముక శస్త్రచికిత్స జరిగితే ఆ పర్యటనలో విల్లిస్ వచ్చి వాయించాడు. 2024లో వచ్చిన ‘టరాంటులా హార్ట్’ తొలి పాటే 19 నిమిషాలు. ‘హౌడీని’ మొత్తాన్ని 2005లో మళ్ళీ ప్రత్యక్షంగా వాయించి మరుసటి ఏడాది ఇపికాక్ ద్వారా విడుదల చేశారు. పాటలు అవే అయినా, బాస్ మీద ట్రెవర్ డన్ ఉండటంతో నేల గట్టిపడినట్టుంటుంది. ఎంచుకోమంటే చాలా పాటలకు నేను 1993 నాటి రూపాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే తరువాతిదానిలో వాయించేవాళ్ళకు ఆ పాటలు గొప్పవని ముందే తెలుసు.

కొనదలచినవారికి కొన్ని మాటలు. ఈ సంగీతాన్ని మొదటిసారి వినేవారు ‘స్టోనర్ విచ్’తో మొదలుపెట్టడం మేలు, అది కొంత దయగలది. నెమ్మది మీదనే మోజు ఉన్నవారు నేరుగా ‘బుల్‌హెడ్’కు పోవచ్చు. ‘హౌడీని’ కొనేవారు యాంప్లిఫయరులో బాస్ బూస్టు గుండీని ఆపేయాలి. అది వేసి ఉంటే ‘నైట్ గోట్’లో స్వరాలు కలిసిపోయి ఒకే హోరు మిగులుతుంది. పాత సీడీ కొనేటప్పుడు అట్ట ఫొటోలతో సరిపెట్టుకోకుండా అడుగుభాగం ఫొటో తప్పకుండా అడగాలి, డబ్బా మధ్య పళ్ళు ఉన్నాయో లేవో కూడా చూపించమనాలి. ఖాళీ డబ్బా వేరేగా కొనుక్కోవచ్చు, లోతుగా గీతలు పడిన బిళ్ళను బాగుచేయడం మాత్రం కష్టం.

అమ్మిన వ్యక్తికి ఎగిరే పాటను ఫోనులో రికార్డు చేసి పంపాను. ఆ పాటలో తప్పు ఎక్కడుందో తనకు తెలియడం లేదని, మొత్తం పాటే అలా ఉందని అతడు వాదించాడు. రెండు సార్లు ఉత్తరప్రత్యుత్తరాలు జరిగాక 400 రూపాయలు వెనక్కి పంపాడు. ఇంటి యజమానితో ఒప్పందం కూడా కుదిరింది: రాత్రి తొమ్మిది దాటితే పెట్టకూడదు, ఆ ‘మొదలు కాని పాట’ మాత్రం ఆదివారం మధ్యాహ్నం, ఆయన భోజనం చేసి పడుకోకముందే వినేయాలి.